పెరట్లో చిన్న కొలిమి

కత్తి చెయ్యడం నేర్చుకోవాలని ఉందని చెప్పేవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి అదే మాట చెబుతూ ఉంటారు. సుత్తి దెబ్బ మాత్రం పడదు. అడిగితే గ్యాస్ కొలిమి కొనాలనీ, అసలైన దాగలి దొరకలేదనీ, బెల్ట్ గ్రైండర్‌కి డబ్బు కూడబెడుతున్నామనీ అంటారు. ఈ మూడూ లేకుండానే మన ఊళ్లలో కమ్మర్లు తరతరాలుగా నాగలి కర్రులు సాగగొట్టారు, కొడవళ్లకు కక్కులు పెట్టారు, గొడ్డళ్లు చేసి ఇచ్చారు. వాళ్ల సామగ్రి అంతా కలిపి ఎంత? నేలలో చిన్న గుంట, దాని పక్కన తోలుతిత్తి, మొద్దులో దిగ్గొట్టిన ఇనుప దిమ్మ, రెండు పట్టకార్లు, రెండు మూడు సుత్తులు.

ఈ అధ్యాయమంతా ఒకే మాట మీద నడుస్తుంది. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు పని పరిమాణాన్ని తగ్గించుకోవాలి, నాణ్యతను ముట్టుకోకూడదు. కొలిమి చిన్నది కావచ్చు, దిమ్మ చిన్నది కావచ్చు, కత్తి చిన్నది కావచ్చు. ఉక్కు మాత్రం మంచిదై ఉండాలి. కళ్లద్దాలు మంచివై ఉండాలి. కొత్తవాళ్లు సాధారణంగా దీన్ని తిరగేసి చేస్తారు. వేలు పోసి కొలిమి కొంటారు, పాత సామాన్ల కొట్లో దొరికిన ఏదో ఇనుప ముక్కను అందులో పెడతారు. ఆ ముక్క ఎంత కాల్చినా, ఎంత కొట్టినా కత్తి కాదు.

ముందుగా చోటు చూసుకోండి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో, గదిలో, తలుపులు మూసిన గ్యారేజీలో కొలిమి పెట్టకూడదు. బొగ్గు మండేటప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. తల తిరుగుతోందని తెలిసేలోపే కాళ్లలో సత్తువ పోతుంది. పెరడు కావాలి, లేదా పొలం దగ్గర నాలుగు స్తంభాల రేకుల పాక కావాలి. పైన తాటాకు కప్పు, పక్కన గడ్డివాము ఉండకూడదు. ఊళ్లో తాతల ఇల్లు ఖాళీగా ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పట్నంలో ఉండి తీరాల్సినవాళ్లు ఆకురాయితో అరగదీసే పనినంతా ఇంటి బల్ల మీద చేసుకుని, నిప్పు పనికి మాత్రం నెలకో రోజు ఊరికి వెళ్లవచ్చు. ఇది రాజీ ఏమీ కాదు. కత్తి పనిలో సగానికన్నా ఎక్కువ సమయం ఆకురాయికే పోతుంది.

ఏం చెయ్యబోతున్నారో కూడా ముందే తేల్చుకోండి. మొదటి కత్తి 4, 5 అంగుళాల బ్లేడున్న కూరగాయల కత్తి కావడం అన్ని విధాలా మేలు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద ఉన్న నిబంధనల ప్రకారం బాకులూ ఖడ్గాలూ ఆయుధాల లెక్కలోకే వస్తాయి. ఇంటి పనికీ వ్యవసాయానికీ ఉద్దేశించని కత్తి బ్లేడు 9 అంగుళాలకన్నా పొడవున్నా, 2 అంగుళాలకన్నా వెడల్పున్నా అదీ ఆ జాబితాలోదే. సినిమాల్లో చూసిన కత్తి చేద్దామన్న సరదాని పక్కన పెట్టండి. వంటింట్లో అమ్మో అత్తయ్యో రోజూ పట్టుకుని వాడే కత్తి చెయ్యడం నిజానికి కష్టం కూడా. అది బాగుందో లేదో వాళ్లు రెండో రోజే చెప్పేస్తారు.

ఇక కొలిమి. తాపీ మేస్త్రీలు వాడే పాత ఇనుప గమేళా ఒకటి చాలు. బంకమట్టి, ఇసుక సమానంగా తీసుకుని, నాలుగైదు గుప్పెళ్ల వరి ఊక వేసి, నీళ్లు తక్కువగా చిలకరించి పిసకండి. ముద్ద చేసి నడుము ఎత్తు నుంచి కింద పడేస్తే చితకకుండా, విరగకుండా నిలిస్తే పదును కుదిరినట్టు. ఆ మట్టిని గమేళాలో మెత్తి, మధ్యలో 4 అంగుళాల వెడల్పు, ఒక అడుగు పొడవు, 4 అంగుళాల లోతున కాలువలా తీయండి. పక్క గోడలోంచి, అడుగుకు 2 అంగుళాల పైన, గాలి పైపు లోపలికి రావాలి. పైపు నోటి కింద మిగిలే ఆ 2 అంగుళాల్లో బూడిద చేరుతుంది కాబట్టి గాలికి అడ్డు రాదు. నీడలో నాలుగైదు రోజులు ఆరనిచ్చి, తర్వాత చితుకులతో చిన్న మంట పెట్టి లోపలి తడి కూడా లాగెయ్యండి. తొందరపడి పచ్చిమట్టి మీద బొగ్గులు పోస్తే ఆవిరి తన్ని గోడ ఊడిపోతుంది. సిమెంటు కాంక్రీటు, ఏటి గులకరాళ్లు కొలిమిలోకి రానివ్వకండి. లోపల చిక్కిన తడి వేడెక్కి అవి పేలే ప్రమాదం ఉంది.

ఊక మాట విని నవ్వుకునేవాళ్లు ఉంటారు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో ఉక్కు కరిగించిన మూసల మట్టిలో వరి ఊకే కలిపేవారు. ఊక కాలి మసైనా దాని సిలికా మిగిలి మట్టిని పట్టి ఉంచుతుంది, పగుళ్లు తగ్గుతాయి. 19వ శతాబ్దం మొదట్లో హెన్రీ వాయ్‌సీ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడి పనిని చూసి రాసిపెట్టాడు. రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును కలిపి మూసల్లో వేసేవారని, ఆ ఉక్కు కొనడానికి పర్షియా నుంచి వ్యాపారి వచ్చి మకాం వేసి ఉన్నాడని అందులో ఉంది. అంత పేరున్న ఉక్కుకు పొయ్యి కట్టింది మట్టితో, ఊకతో, చుట్టుపక్కల చెట్ల బొగ్గుతో. మన పెరటి కొలిమికి అంతకన్నా ఖరీదైన సరుకు అవసరం లేదు.

గాలి పైపు విషయంలో ఒక జాగ్రత్త. నీళ్ల పనికి వాడే జీఐ పైపు ఇంట్లో పడి ఉంటుంది, దాన్నే పెట్టెయ్యాలనిపిస్తుంది. పెట్టకండి. దాని జింకు పూత వేడికి పొగై ఊపిరితిత్తుల్లోకి వెళ్లి చలిజ్వరం తెప్పిస్తుంది. పూత లేని నల్ల ఇనుప పైపు, ఒక అంగుళం వ్యాసంది, వెల్డింగ్ షాపులో రెండడుగుల ముక్క అడిగితే ఇస్తారు. గాలికి చేత్తో తిప్పే బ్లోయర్ కొనుక్కోండి. మిగతా సామాన్లకన్నా దీనికే కాస్త డబ్బవుతుంది, అయినా విలువైన ఖర్చు. కరెంటు బ్లోయర్ మీరు చూసినా చూడకపోయినా ఊదుతూనే ఉంటుంది, ఉక్కును కాల్చేస్తుంది. చెయ్యి తిప్పడం ఆపితే గాలి ఆగుతుంది, అదే దాని గొప్పతనం. అదీ కుదరకపోతే పాత హెయిర్ డ్రయ్యర్‌ను చల్లగాలి మీద పెట్టి, పైపుకు రెండంగుళాల దూరంలో ఉంచి, ఎక్కువైన గాలిని పక్కకు తిప్పెయ్యండి. వంటింటి గ్యాస్ సిలిండర్ జోలికి వెళ్లొద్దు. 14.2 కిలోల ఆ బండను వంటకు తప్ప మరో పనికి వాడటం నిబంధనలకు విరుద్ధం, పైగా ఇంట్లో చేసిన బర్నర్‌తో దాన్ని కలపడం ప్రాణాలతో చెలగాటం.

బొగ్గు కర్రబొగ్గే కావాలి. రాతిబొగ్గు పొగకు ఇరుగుపొరుగు గొడవకొస్తారు, అందులోని గంధకం ఉక్కుకు పడదు. సర్కారు తుమ్మ బొగ్గు మన రెండు రాష్ట్రాల్లోనూ దొరుకుతుంది, ఇస్త్రీ బండివాళ్లకు బొగ్గు ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కుంటే చాలు. నిమ్మకాయంత ముక్కలుగా కొట్టి, పొడిని జల్లించి పారెయ్యండి. ఒక పూట పనికి నాలుగైదు కిలోలు దగ్గర పెట్టుకోండి. కర్రబొగ్గు నిప్పురవ్వలు చిమ్ముతుంది కాబట్టి నూలు బట్టలే వేసుకోవాలి. పాలిస్టర్ చొక్కా మీద రవ్వ పడితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది.

దాగలి లేదని ఆగిపోకండి. పాత లారీ యాక్సిల్ ముక్క, లేదా పెద్ద సమ్మెట తలకాయను చింత మొద్దులో సగం దాకా దిగ్గొట్టి నిలబెడితే కూరగాయల కత్తికి సరిపోతుంది. కింద బరువు సూటిగా ఉండటమే ముఖ్యం, పైన వెడల్పు ఉండక్కర్లేదు. మాంసం కొట్టులో చింత మొద్దు ఎందుకు వాడతారో మీకు తెలుసు, ఎన్ని దెబ్బలు తిన్నా చీలదు. నిలబడి పిడికిలి బిగిస్తే కణుపులు ఎంత ఎత్తులో ఉన్నాయో దిమ్మ పైభాగం అంత ఎత్తులో ఉండాలి. రైలు పట్టా ముక్క దీనికి బాగా పనికొస్తుంది గానీ, ఎలా వచ్చిందో చెప్పలేని ముక్కను కొనకండి. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం 1966 చట్టం కింద నేరం. సుత్తి కిలో బరువుది చాలు. పట్టకారు మొదటి కత్తికి అసలు అవసరమే లేదు. ఉక్కు పట్టీని రెండడుగుల పొడవు ఉంచుకుని ఒక కొసన కత్తి సాగదీస్తే రెండో కొసే పిడిలా పనికొస్తుంది, చివర్లో దాన్ని కోసెయ్యవచ్చు.

ఉక్కు దగ్గర మాత్రం నిదానించండి. ఇనుములో కార్బన్ ఎంత ఉందన్నదే కత్తి అవుతుందో కాదో తేలుస్తుంది. ఇంటి శ్లాబులో వేసే కడ్డీలో కార్బన్ పావు శాతం అటూఇటూగానే ఉంటుంది. దాన్ని ఎంత కాల్చి ముంచినా వాదర నిలవదు. లారీ, జీపు కమాన్ కట్టల్లో అర శాతం పైన, 0.6 దాకా ఉంటుంది, తోడుగా సిలికానో క్రోమియమో ఉంటుంది. నూనెలో చక్కగా గట్టిపడుతుంది, చిన్నచిన్న తప్పులను క్షమిస్తుంది. మొదటి కత్తికి ఇంతకు మించిన ఉక్కు వెతకనక్కర్లేదు. పాత ఆకురాయిలో కార్బన్ ఒక శాతం దాటి ఉంటుంది, వాదర అద్భుతంగా వస్తుంది, కానీ కాస్త ఎక్కువ కాలిస్తే పెళుసైపోతుంది. దాన్ని నాలుగో ఐదో కత్తికి దాచుకోండి. స్టెయిన్‌లెస్ స్టీల్ ఇంటి కొలిమికి లొంగదు.

పాత కమాన్ కట్ట చవకగా వస్తుంది, నిజమే. లక్షల కిలోమీటర్లు వంగి లేచిన పట్టీలో కంటికి కనపడని పగుళ్లు ఉండవచ్చు. నాలుగు గంటలు కొట్టి, అరగదీసి, నూనెలో ముంచాక ఆ పగులు బయటపడితే మనసు విరిగిపోతుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల కమాన్ కట్టలు చేసే షాపుల్లో కొత్త పట్టీల కత్తిరింపులు మిగులుతాయి. వాటిని కిలోల లెక్కన అడగండి, 6 మిల్లీమీటర్ల మందానివి ఏరుకోండి. పది మిల్లీమీటర్ల లారీ పట్టీని పలచన చెయ్యడానికి సమ్మెట కొట్టే మనిషి కావాలి.

ఏ ముక్కనైనా కత్తి చేసే ముందు పరీక్షించండి. కొసన వేలెడు ముక్క కోసి, అయస్కాంతం అంటనంత వరకు కాల్చి నూనెలో ముంచి, చల్లారాక వైసులో బిగించి గుడ్డ కప్పి సుత్తితో కొట్టండి. కళ్లద్దాలు పెట్టుకుని కొట్టండి. పుటుక్కున విరిగి, విరిగిన చోట సన్నటి బూడిదరంగు గరుకు కనిపిస్తే అది ఉక్కు. వంగిపోయిందంటే ఆ పట్టీని కొలిమి పుల్లగా వాడుకోండి.

నిప్పు రాజెయ్యడం సాయంత్రం నీడపట్టున పెట్టుకోండి. ఎండలో ఎర్రటి ఇనుము కూడా నల్లగా కనిపిస్తుంది, ఇంకా కాలలేదనుకుని మాడ్చేస్తారు. పట్టీని గాలి పైపు నోటికి ఎదురుగా గుచ్చకుండా, దానికి రెండు మూడంగుళాల పైన, బొగ్గుల మధ్య పడుకోబెట్టండి. నారింజ రంగు వచ్చాక తీసి కొట్టండి. ఎరుపు ముదిరి మసకబారుతున్నప్పుడు కొట్టడం ఆపి మళ్లీ నిప్పులో పెట్టండి. ఆ ఒక్క దెబ్బ కూడా వేద్దామనుకున్న చోటే పగులు పుడుతుంది. పట్టీ తెల్లబడి చిటపటమని రవ్వలు చిమ్మితే ఆ మేర ఉక్కు కాలిపోయినట్టే, కోసి పారెయ్యాలి. ముందు మొన, తర్వాత వాదర వైపు ఏటవాలు. వాదర వైపు కొడుతూ పోతే కత్తి అరటిపండులా వెన్ను వైపు వంగుతుంది. అందుకే ఏటవాలు కొట్టే ముందే పట్టీని వాదర వైపు కాస్త వంచి పెట్టుకుంటారు, కొట్టాక తిన్నగా వస్తుంది.

ఇది కాగితం మీద చదివితే సగమే తెలుస్తుంది. మీ మండలంలో ఇంకా కొలిమి నడుపుతున్న కమ్మరి ఉంటాడు. ఆయన దగ్గరికి రెండు ఆదివారాలు వెళ్లండి. పని ఆపి నేర్పమనకండి. తిత్తి ఊదుతాననండి, సమ్మెట కొడతాననండి, ఆయన రోజు కూలి ఎంతో కనుక్కుని ఆ డబ్బు చేతిలో పెట్టండి. పట్టకారు ఎలా తిప్పుతున్నాడో, రెండు దెబ్బల మధ్య సుత్తిని దిమ్మ మీద ఎందుకు ఆనిస్తున్నాడో చూడండి. ట్రాక్టరు వచ్చాక కర్రుల పని పోయి, దుకాణాల్లో తయారు కొడవళ్లు వచ్చాక కక్కుల పని తగ్గి, ఈ విద్య చేతుల్లోంచి జారిపోతోంది. పొదుపు పేరుతో ఆయన కూలి దగ్గర బేరమాడటం నాకు నచ్చదు. నలభై ఏళ్ల చూపును రెండు పూటల్లో మీకు ఇస్తున్నాడు.

ఆకారం వచ్చాక కత్తిని ఎర్రగా కాల్చి గాలిలో నల్లబడేదాకా ఆరనివ్వడం మూడుసార్లు చెయ్యండి. సుత్తి దెబ్బలకు లోపల చేరిన బిగువు ఇలా సడలుతుంది. చివరిసారి కాల్చి పొడి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేస్తే తెల్లారి ఆకురాయికి మెత్తగా లొంగుతుంది. అరగదియ్యండి, పిడి చీలలకు బెజ్జాలు వెయ్యండి. వాదరను మాత్రం ఇప్పుడే సన్నం చెయ్యకండి. ఒక మిల్లీమీటరు మందం ఉంచకపోతే నూనెలో ముంచినప్పుడు వంకర పోతుంది.

కత్తి కత్తిగా మారేది నూనెలో ముంచినప్పుడే. మూడు నాలుగు లీటర్ల వేరుశనగ నూనె, మూత ఉన్న పొడవాటి ఇనుప డబ్బాలో. ప్లాస్టిక్ డబ్బా వాడకూడదు. కాల్చిన కడ్డీ ముక్కను ముంచి నూనెను 50, 60 డిగ్రీలకు వెచ్చబెట్టండి. చల్లటి చిక్కటి నూనె వేడిని తొందరగా లాగలేదు. పక్కన పొడి ఇసుక బకెట్ ఉండాలి. నూనె అంటుకుంటే మూత వేసి ఆర్పాలి, నీళ్లు పొయ్యకూడదు. ఇనుప తీగకు పాత స్పీకరు అయస్కాంతం కట్టి అందుబాటులో వేలాడదీయండి.

ఇప్పుడు గాలి తగ్గించి, కత్తిని బొగ్గుల్లో ముందుకూ వెనక్కూ మెల్లగా కదుపుతూ కాల్చండి. మొన పలచగా ఉంటుంది, ముందే కాలిపోతుంది, దాన్ని నిప్పుల అంచుకు జరుపుతూ ఉండాలి. కళ్లు చీకటికి అలవాటు పడితే ఒక విశేషం కనిపిస్తుంది. ఎరుపెక్కుతున్న ఉక్కు లోపల ఒక నీడ తేలుతుంది, మబ్బునీడలా కదిలి, కాసేపటికి వాదర నుంచి వెన్ను వైపు కరిగిపోతుంది. ఉక్కు తన లోపలి అమరికను మార్చుకుంటూ వేడిని మింగుతున్న సమయమది. అయస్కాంతం 770 డిగ్రీల దగ్గర పట్టు వదిలేస్తుంది. వాదర పొడవునా ఎక్కడా అంటడం లేదని చూసుకుని, మళ్లీ నిప్పులో పెట్టి, ఇంకొక్క ఛాయ రంగు పెరిగేదాకా, ఆ నీడ పూర్తిగా పోయేదాకా ఆగండి. తీసి, ఆలోచించకుండా, మొన ముందుగా నిలువునా నూనెలోకి దించండి. కోస్తున్నట్టు ముందుకూ వెనక్కూ కదపవచ్చు, పక్కలకు కదిపితే వంగుతుంది. పది పదిహేను సెకన్లు. బయటికి తీశాక వాదర మీద ఆకురాయి ఆనించి తోస్తే గాజు మీద జారినట్టు జారిపోవాలి. కరిచి పట్టుకుంటే గట్టిపడలేదు, వేడి చాలలేదని అర్థం. మళ్లీ చెయ్యండి.

ఆ స్థితిలో కత్తి కింద పడితే ముక్కలవుతుంది. రాత్రికి వదిలెయ్యకుండా, నూనె తుడిచి, వంటింటి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లార్చి మళ్లీ రెండు గంటలు ఉంచండి. ఓవెన్ మీది అంకెలను నమ్మకండి, లోపల పెట్టే థర్మామీటరు కొనుక్కోండి. ముందే ఒక చోట ఆకురాయితో మెరిసేలా రుద్ది ఉంచితే అక్కడ ఎండుగడ్డి రంగు తేలుతుంది. గోధుమరంగు దాటి ఊదా, నీలం వస్తే వేడి ఎక్కువైనట్టు. వంటింటి కత్తికి ఆ మెత్తదనం పనికిరాదు.

పిడికి తుమ్మ చెక్కో టేకు చెక్కో, రెండు ఇత్తడి చీలలు, కాస్త అరల్డైట్ చాలు. చెక్క రుద్దేటప్పుడు, ఉక్కు గ్రైండు చేసేటప్పుడు మాస్కు తప్పనిసరి. సాన పట్టేటప్పుడు రాయి తడిగా, కత్తి చేతికి చల్లగా ఉండాలి. వేడెక్కితే ఓవెన్‌లో చేసిన టెంపరింగ్ పోతుంది.

చివరగా ఒక ఇత్తడి కడ్డీని వైసులో అడ్డంగా బిగించి, సాన పట్టిన వాదరను దాని మీద ఏటవాలుగా అదిమి చూడండి. వాదర కొద్దిగా వంగి, తియ్యగానే యథాస్థితికి వస్తే ఆ కత్తిని వంటింట్లో ఇచ్చెయ్యవచ్చు, వాడాక కడిగి తుడిచి నూనె రాసి పెట్టమని చెప్పండి, లేకపోతే ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది. పంటి గాటులా పెచ్చు ఊడితే పిడి తీసేసి, ఓవెన్‌లో 15 డిగ్రీలు పెంచి ఇంకో రెండు గంటలు ఉంచి, ఊడిన మేర అరగదీసి మళ్లీ చూడండి. వంగినది వంగినట్టే ఉండిపోతే మాత్రం సాన ఎంత పట్టినా లాభం లేదు. పిడి ఊడదీసి, మళ్లీ కొలిమి రాజేసి, అయస్కాంతం దగ్గర నుంచి మొదలుపెట్టండి.